లెక్కలోకి రాని గంటలు

నేను సినిమా గ్రాఫిక్స్‌లో యానిమేటర్‌ని, కంప్యూటర్‌లో బొమ్మలకు కదలిక ఇస్తాను. కెనడాలోని వాంకూవర్‌లో నేను చేసిన మొదటి షాట్ 96 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున సరిగ్గా నాలుగు సెకన్లు. దెబ్బ తగిలిన ఒక జంతువు లేవబోతుంది, ముందుకాలు బరువు ఆనక మళ్లీ కూలబడుతుంది. దానికి రెండు వారాలు పట్టింది. తెనాలి దగ్గర మా తాతయ్య గేదె ఒకసారి కాలవగట్టు మీద జారి పడింది. లేచేముందు అది మెడ ఎలా ముందుకు చాపిందో గుర్తు తెచ్చుకుని ఆ కదలిక పట్టుకున్నాను. రోజూ చేసిన పని అందరం కలిసి చూసే డైలీస్‌లో మా సూపర్‌వైజర్ మూడుసార్లు తిప్పి చూసి, ఇక దీన్ని ముట్టుకోవద్దు అన్నారు. ఈ పనిని నేను ఎందుకు వదలలేకపోతున్నానని ఎవరడిగినా ఆ రోజే గుర్తొస్తుంది.

హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు చేశాక, 2023 జనవరిలో ఇక్కడికి వచ్చాను. నా వర్క్ పర్మిట్ మీద నన్ను పనిలోకి తీసుకున్న స్టూడియో పేరు ఉంటుంది, అక్కడ తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కుకు, మేం ఎంచుకున్న దారిలో కెనడాలో ఏడాది అనుభవం, అంటే 1560 గంటలు చూపించాలి. వారానికి 30 గంటల చొప్పున 52 వారాలు. 30 దాటి ఎంత చేసినా ఆ వారానికి 30 గంటలే లెక్క. షాట్లు అప్పగించే గడువు ముందు వారానికి 65 గంటలు కూర్చున్న రోజులున్నాయి. ప్రభుత్వం దృష్టిలో అదీ 30 గంటలే. పని లేని వారానికి సున్నా. మా రంగంలో పని వస్తే వరదలా వస్తుంది, లేకపోతే అసలు ఉండదు.

రాత్రి పదకొండుకు స్టూడియో నుంచే అమ్మకు ఫోన్ చేసేవాడిని. అక్కడ పొద్దున పదకొండున్నర. “ఏరా, ఇంకా ఆఫీసులోనేనా? ఏం తిన్నావు?” అనేది. తిన్నానని చెప్పేవాడిని.

ఆ ఏడాది మే 2న హాలీవుడ్ రచయితలు సమ్మెకు దిగారు, జూలైలో నటులు కూడా చేరారు. వాళ్లు అడిగినవి న్యాయమైనవేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ అక్కడ షూటింగ్ ఆగితే కొన్ని నెలలకు మా దగ్గరకు వచ్చే షాట్లు ఆగుతాయి. అక్టోబరులో నా కాంట్రాక్టు ముగిసింది, మళ్లీ రాయలేదు. అప్పటికి నా లెక్క దాదాపు 1200 గంటలు. ఇంకో పన్నెండు వారాలు దొరికితే చాలు. అవి దొరకడానికి ఏడు నెలలు పట్టింది. కొత్త స్టూడియో, కొత్త పర్మిట్. ఆ ఏడు నెలలూ వాంకూవర్ పక్కనున్న సర్రేలో మేముండే బేస్‌మెంట్ అద్దె మా ఆవిడ జీతంతోనే కట్టాం.

అసలు చిక్కు సమ్మెతో మొదలైంది కాదు. ఇక్కడ సినిమా కంపెనీ షాట్లన్నిటికీ ముందే ఒక ధర ఖాయం చేసుకుంటుంది. తర్వాత దర్శకుడు మనసు మార్చుకుని పదిసార్లు తిరిగి చేయించినా ఆ ధర అంత తేలిగ్గా పెరగదు. ఆ భారం చివరికి షాట్ చేసేవాడి రాత్రుల మీద పడుతుంది. హైదరాబాద్‌లోనూ శాఖ ఉన్న గ్రాఫిక్స్ కంపెనీ రిథమ్ అండ్ హ్యూస్ ‘లైఫ్ ఆఫ్ పై’కి 2013లో ఆస్కార్ అందుకుంది. దానికి దాదాపు రెండు వారాల ముందే దివాలా పిటిషన్ వేసింది. దానికి తోడు పని ఎప్పుడూ ప్రభుత్వం సినిమా పనికి పన్ను రాయితీ ఇచ్చేచోటికే పోతుంది. 2024లో క్యూబెక్ ప్రభుత్వం ఆ రాయితీకి పరిమితి పెట్టింది. అక్కడి మాంట్రియల్‌లో ఉన్న నా స్నేహితుడు ఆ వేసవిలోనే సామాన్లు సర్దుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. మొదటి స్టూడియోలో కొందరు యూనియన్ కోసం సంతకాలు సేకరించారు. వాంకూవర్‌లో టిట్‌మౌస్ అనే యానిమేషన్ స్టూడియో వాళ్లు 2020లోనే యూనియన్ పెట్టుకున్నారు కాబట్టి ఇది ఎవరికీ కొత్త కాదు. ఎవరు సంతకం చేశారో యాజమాన్యానికి చెప్పరు కూడా. అయినా నేను చేయలేదు. పర్మిట్ మీద ఉన్న ఆ పేరే కళ్లముందు ఆడింది. నా పక్క సీటులో కెనడా అమ్మాయి ఆరు గంటలకు బ్యాగు తీసుకుని లేచేది, అది ఆమె హక్కు. నేను మాత్రం కూర్చునే ఉండేవాడిని. వారం చివర టైమ్‌షీట్‌లో 40 అని రాసేవాడిని. ఎవరూ నన్ను అలా రాయమనలేదు. షాట్‌కు ఇచ్చిన రోజులు దాటితే నెమ్మదిగా చేస్తాడంటారని, కాంట్రాక్టు పొడిగించరని భయం.

పీఆర్ ఇంకా రాలేదు. గంటలు పూర్తయ్యాయి కానీ వయసు, చదువు, అనుభవం చూసి ఇచ్చే పాయింట్లు చాలడం లేదు. ముప్పైల్లో ప్రతి పుట్టినరోజుకూ ఐదారు తగ్గుతాయి. ఉద్యోగం ఇస్తామన్న ఆఫర్ లెటర్‌కు ఇచ్చే పాయింట్లు కూడా 2025 మార్చిలో తీసేశారు.

మొన్న మా టీమ్‌లోకి వరంగల్ కుర్రాడు ఒకడు వచ్చాడు. శుక్రవారం సాయంత్రం నా డెస్క్ దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు.

“అన్నా, ఈ వారం 58 గంటలైంది. టైమ్‌షీట్‌ల 40 అనే రాయాల్నా? అందరూ గట్లనే రాస్తరంట గదా.”

“ఎన్ని చేశావో అన్నీ రాయి తమ్ముడూ” అన్నాను.

“ఏమన్న అంటరేమో?”

“అడిగితే నా దగ్గరకు పంపించు.”

వాడు వెళ్లాక నా టైమ్‌షీట్ తెరిచాను. ఆ వారం నావి 61. 61 అనే రాసి పంపించాను.