నార్వే రాయబారం చెడింది ఒప్పంద పత్రంలోనే

చెన్నై అన్నా నగర్‌లో సివిల్స్‌కి చదువుతున్న మన తెలుగు పిల్లలు శ్రీలంక ప్రభుత్వానికీ తమిళ పులులకీ (ఎల్‌టీటీఈ) మధ్య నార్వే నడిపిన రాయబారాన్ని 'విఫలమైన శాంతి ప్రయత్నం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఎవరు ఎవరితో ఏమన్నారో కాసేపు పక్కనపెట్టి, 2002 కాల్పుల విరమణ ఒప్పందం చదవండి. ఉన్నవి నాలుగే అధికరణాలు.

ముందు పనితనం చూడాలి. ఇరుపక్షాలనూ ఒకచోట కూర్చోబెట్టకుండానే సంతకాలు చేయించారు. ముసాయిదా కొలంబోకీ, పులుల చేతిలో ఉన్న ఉత్తరాది వన్నికీ మధ్య తిరిగింది. పులుల నేత ప్రభాకరన్ ఫిబ్రవరి 21న, ప్రధాని రణిల్ విక్రమసింఘే 22న సంతకం పెట్టారు. అప్పట్లో నార్వే జనాభా 45 లక్షలు, ఇంచుమించు 2001 లెక్కల నాటి చెన్నై నగరమంత. ఆ ప్రాంతంలో దానికి సైన్యం లేదు, సొంత ప్రయోజనాలూ లేవు. అందుకే రెండువైపులా రానిచ్చారు. ఢిల్లీకి మాత్రం ఎప్పటికప్పుడు సంగతులు చెబుతూ వచ్చింది. అది మానేసి ఉంటే పని ముందుకు సాగేది కాదు. అయినా పులుల తరఫు బాలసింగం చెన్నైలో ఉండి చర్చలు నడుపుతారన్న మాట వస్తే జయలలిత గట్టిగా అడ్డుచెప్పారు. మొదటి విడత చర్చలు థాయిలాండ్‌లోని సత్తాహిప్‌లో జరిగాయి.

నేల మీది సంగతులన్నీ కొలిచి రాశారు. సేనల మధ్య కనీసం 600 మీటర్ల ఎడం. 30 రోజుల్లో ప్రార్థనా స్థలాలు, 160 రోజుల్లో బడులు ఖాళీ చేయాలి. సముద్రం దగ్గరికొచ్చేసరికి ఆ కొలతలేవీ లేవు! పులుల నౌకాదళం సీ టైగర్స్ పడవలు ఎక్కడిదాకా వెళ్లొచ్చో, నేవీ ఎక్కడ ఆపొచ్చో తేల్చలేదు. తేల్చబోతే సంతకాలే పడేవి కావేమో. ఆ ఖాళీలోనే 2003 మార్చిలో, జూన్‌లో పులుల ఓడలు మునిగాయి.

నా దృష్టిలో అసలు తప్పు మూడో అధికరణంలో ఉంది. ఒప్పందం అమలును కనిపెట్టే పర్యవేక్షక మిషన్ అధిపతిని నార్వేయే నియమించాలి, ఒప్పందానికి అర్థం చెప్పడంలో ఆయనదే తుదిమాట. పెళ్లి కుదిర్చిన పెద్దమనిషినే రోజూ మొగుడూపెళ్లాల తగవు తీర్చమన్నట్టుంది. ఉల్లంఘన ఎవరిదో మిషన్ బయటికి చెప్పాలి, చెప్పినవాళ్ల మీద ఒక పక్షానికి కోపం వస్తుంది. మర్నాడు అదే పక్షం దగ్గరికి అదే దేశపు దూత లోపాయికారీ మాటలు మోసుకుపోవాలి. 2003 అక్టోబరులో, పులుల ఓడ సంగతిని మిషన్ ఆ పులులకే చేరవేసిందంటూ అధ్యక్షురాలు చంద్రిక దాని అధిపతిని మార్చమన్నారు.

ఆ చంద్రికే సర్వసైన్యాధ్యక్షురాలు, రణిల్‌కి ఎదుటి పార్టీ. ఒప్పందం మీద ఆమె సంతకం లేదు. నవంబరులో ఆమె రక్షణతో సహా మూడు శాఖలు లాక్కోగానే, ఎవరితో మాట్లాడాలో తేలేదాకా ఆగుతామని నార్వే పక్కకు తప్పుకుంది. తర్వాత మళ్లీ వచ్చింది గానీ, 2006లో యూరోపియన్ యూనియన్ పులులను నిషేధిత జాబితాలో చేర్చడంతో స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ పర్యవేక్షకులను పులులు పొమ్మన్నారు. నార్వే, ఐస్లాండ్ వాళ్లే మిగిలారు.

వైదొలగాలంటే నార్వేకి 14 రోజుల ముందు నోటీసివ్వాలని నాలుగో అధికరణం. 2008 జనవరి మొదట్లో కొలంబో అలాగే ఇచ్చింది, 16తో ఒప్పందం ముగిసింది.