ప్రతి గంటకూ ముప్పయ్యో నిమిషం

సోమవారం, హనుమకొండ

ఈ రోజు తెల్లవారుజామున ఐదున్నరకే మెలకువ వచ్చింది. శని, ఆదివారాలు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు సెలవు కాబట్టి సోమవారం సరుకు ఎక్కువగా దిగుతుంది, అందులోనూ ఇది మిర్చి వచ్చే కాలం. నేను సాఫ్ట్‌వేర్ చూసుకుంటున్న అడ్తి దుకాణంలో పది రోజులుగా ఒక ఇబ్బంది నడుస్తోంది. కాంటా పూర్తయిన రైతుకు తక్‌పట్టీ తీసి ఇవ్వవలసిన కంప్యూటర్ ఉన్నట్టుండి నిలిచిపోతుంది, నాలుగైదు నిమిషాలు అలాగే ఉండి, ఎవరూ ఏమీ చేయకుండానే మళ్లీ మామూలుగా పని చేస్తుంది. గుమస్తా ఫోను చేసి, నేను లాప్‌టాప్ తెరిచి, ముంబయిలో ఉన్న సర్వర్‌లోకి ప్రవేశించేసరికి అక్కడ అంతా సవ్యంగానే ఉంటుంది. "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని నేను ఐదారు సార్లు చెప్పి ఉంటాను. అన్న ప్రతిసారీ అతను "సరే అన్నా" అని ఫోను పెట్టేసేవాడు గాని, ఆ గొంతులో నమ్మకం సన్నగిల్లుతూ రావడం నాకు తెలుస్తూనే ఉంది.

అందుకే గత గురువారం స్వయంగా దుకాణానికి వెళ్లి, మిర్చి ఘాటుకు ముక్కుకు రుమాలు కట్టుకొని, కంప్యూటర్ పక్కనే కూర్చున్నాను. గంట సేపు ఏమీ కాలేదు. తరువాత నా కళ్ల ముందే తెర బిగుసుకుపోయింది. పరకాల వైపు నుంచి తేజ మిర్చి తెచ్చిన ఒక పెద్దాయన నా భుజం తట్టి, "బిడ్డా, కాంటా అయి ఎంతసేపాయె, పట్టీ ఎప్పుడిస్తరు? ఊరోళ్లందరం ఒక్క బండిల వచ్చినం, వాళ్లు నా కోసమే ఆగిన్రు" అన్నాడు. తక్‌పట్టీ అంటే మామూలు రసీదు కాదు. బరువు, పలికిన ధర, హమాలీ, తూకం వేసే దడువాయి కూలీల కోత, చివరికి చేతికి రావలసిన మొత్తం అందులోనే ఉంటాయి, ఒక రైతు ఏడాది కష్టం లెక్క తేలేది ఆ ఒక్క కాగితం మీదనే. ఆ నాలుగు నిమిషాల్లో స్పందన రాలేదనుకొని గుమస్తా మీట రెండుసార్లు నొక్కడంతో ఒకే రాశికి రెండు తక్‌పట్టీలు తయారయ్యాయి. అతను ఒకటి చించి, ఖాతాలో రెండోదాన్ని కొట్టివేశాడు. అది చూసిన తరువాత దీన్ని చిన్న విషయంగా తీసుకోవడం నా వల్ల కాలేదు.

అప్పుడప్పుడూ కనిపించి మాయమయ్యే లోపాన్ని అది కనిపించినప్పుడు పరుగెత్తి పట్టుకోవాలని చూడటమే అంతవరకు నేను చేసిన పొరపాటు. పట్టుకోవలసినది మనం కాదు, రాత్రీ పగలూ రెప్ప వేయకుండా నమోదు చేసే ఒక రికార్డు. శుక్రవారం రాత్రి మూడు చోట్ల దాన్ని ఏర్పాటు చేశాను. దుకాణంలోని కంప్యూటర్ నుంచి సర్వర్‌కు, నయీంనగర్‌లోని మా ఇంటి నుంచి వేరే కంపెనీ ఇంటర్నెట్ లైను మీద అదే సర్వర్‌కు, సర్వర్ నుంచి దాని ఎదుటి గేట్‌వేకు, అంటే బయటి నెట్‌వర్క్‌లోకి పోయే మొదటి ద్వారానికి, సెకనుకు ఒక్కొక్క పింగ్ పంపిస్తూ, ప్రతి జవాబు పక్కనా అది వచ్చిన సమయం కూడా రాసుకునేలా చేశాను. పింగ్ అంటే అవతలి యంత్రాన్ని ఒకసారి పలకరించి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో కొలవడం. ఈ పింగ్ అనే చిన్న ప్రోగ్రామును 1983 డిసెంబరులో మైక్ ముస్ అనే ఆయన అమెరికా సైన్యానికి చెందిన ఒక పరిశోధనాశాలలో, అక్కడి నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుంటే దాని సంగతి తేల్చడానికి రాశాడు. నలభై ఏళ్లు దాటినా అదే రకమైన కష్టంలో అదే పనిముట్టు చేతికి రావడం నాకు ఎప్పుడూ గౌరవంగా అనిపిస్తుంది.

ఉదయం టీ తాగుతూ రెండు రోజుల రికార్డు తెరిచాను. మొదట జవాబు రావడానికి పట్టిన సమయం సగటు చూశాను: 98 మిల్లీసెకన్లు. కొంచెం ఎక్కువే గాని కంగారు పడవలసినంత కాదు అనిపించే అంకె అది. కాని అంకెలను నిమిషాల వారీగా విడదీసి చూస్తే, రెండు రోజుల్లో ఏ నిమిషంలోనూ 98 అనేది దరిదాపుల్లో కూడా లేదు. గంటలో యాభై అయిదు నిమిషాలు 30 దగ్గర, మిగిలిన అయిదు నిమిషాలు 850 దగ్గర ఉంది. ఈ రెంటినీ కలిపి భాగిస్తే వచ్చేదే ఆ 98. ఆ సగటును మాత్రమే చూపించే పట్టికలను నమ్మి నేను పది రోజులు పోగొట్టుకున్నాను.

ముప్పై మిల్లీసెకన్లు సహజమైనదే. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి ముంబయికి రోడ్డు దారిన సుమారు 850 కిలోమీటర్లు అనుకుంటే, వెళ్లి రావడానికి 8.5 మిల్లీసెకన్లు ఎంత గొప్ప లైనుకైనా తప్పవు. తంతువులు తిన్నగా పోవు, మధ్యలో డేటాకు దారి చూపే రౌటర్లు ఉంటాయి, అందువల్ల 30 అయింది. అయితే 850 అనే అంకెను దూరం ఏ విధంగానూ సమర్థించలేదు, ఎక్కడో ఒకచోట ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలుగా పోయే చిన్న పొట్లాలు, కదలకుండా నిలబడి ఉండాలి. మన సాఫ్ట్‌వేర్ ఒక తక్‌పట్టీ తీయడానికి సర్వర్‌తో ఒకదాని తరువాత ఒకటిగా పద్నాలుగు సార్లు మాట్లాడుతుంది. ముప్పై చొప్పున అది అర సెకను కూడా కాదు, 850 చొప్పున దాదాపు పన్నెండు సెకన్లు. గుమస్తా మీట రెండోసారి నొక్కడానికి ఆ పన్నెండు సెకన్లు చాలు.

ఎక్కడ నిలబడి ఉన్నాయో తెలుసుకోవడానికి, దారిలోని ప్రతి మజిలీని, అంటే ప్రతి రౌటర్‌నూ, విడివిడిగా కొలిచే ఎంటీఆర్ అనే ప్రోగ్రాము ఫలితాలు చూశాను. అయిదో మజిలీ దగ్గర ఎప్పుడూ నలభై శాతం ప్యాకెట్లు తప్పిపోతున్నట్టు కనిపించింది. వారం కిందట దాన్ని చూసే నేను ఇంటర్నెట్ కంపెనీ వారికి ఫిర్యాదు చేశాను, అది నిలబడే ఫిర్యాదు కాదని ఇప్పుడు ఒప్పుకోవాలి. రౌటర్ తన గుండా పోయే సరుకును వేగంగా దాటిస్తుంది గాని, తననే ఉద్దేశించి అడిగే ప్రశ్నలకు తీరిక దొరికినప్పుడే, అదీ ఒక పరిమితి మేరకే, జవాబు ఇస్తుంది. నిజంగా అక్కడ నలభై శాతం పోతుంటే ఆరో మజిలీలోనూ, ఏడులోనూ, చివరన కూడా కనీసం అంత నష్టం కనిపించాలి. చివరి మజిలీలో నష్టం సున్నా. ఇబ్బంది ఉన్న అయిదు నిమిషాల్లో మధ్య మజిలీలన్నీ ఎప్పటిలాగే ఉండి, చిట్టచివరి మజిలీ ఒక్కటే, అంటే మన సర్వరే, 30 నుంచి 850కి ఎగబాకింది. దుకాణం లైనులోనూ, మా ఇంటి లైనులోనూ అదే నిమిషంలో అదే జరిగింది. అన్నిటికన్నా ముఖ్యంగా, పక్కనే ఉన్న గేట్‌వేకు సర్వర్ పంపిన పింగ్, మామూలుగా ఒక మిల్లీసెకను కూడా పట్టనిది, అదే సమయంలో ఎనిమిది వందలు దాటింది. వరంగల్ లైన్ల తప్పు ఏమీ లేదు, ఆలస్యం సర్వర్ గుమ్మంలోనే ఉంది.

కాని ఎందుకు? సీపీయూ మీద భారం మూడు శాతమే. మా సర్వర్ నిజానికి ఒక పెద్ద యంత్రంలో వాటాగా దొరికిన వర్చువల్ యంత్రం, దాని వంతు సమయాన్ని పక్కవారు తీసుకుంటున్నారేమోనని స్టీల్ టైమ్ అనే అంకె కూడా చూశాను, అదీ సున్నాయే. మెమరీ ఖాళీగానే ఉంది. మళ్లీ సమయాల వైపే చూశాను: 6:30, 7:30, 8:30, ఆదివారం రాత్రి కూడా 1:30, 2:30. మార్కెట్ మూసి ఉన్న రోజున, మనుషులెవరూ లేని వేళలోనూ ప్రతి గంటకూ సరిగ్గా ముప్పయ్యో నిమిషంలో మొదలవుతోంది. పని పెట్టుకునేవాళ్లు సాధారణంగా గంట కొట్టినప్పుడు పెట్టుకుంటారు, అర్ధగంటకు ఎవరు పెడతారా అని కొంతసేపు తెల్లబోయాను. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, ఉందని అప్పుడు గుర్తుకు వచ్చింది. మన సమయం దానికన్నా అయిదున్నర గంటలు ముందు, అందువల్ల మనకు పదిన్నర అయితే అక్కడ సరిగ్గా అయిదు. ఆ అదనపు అరగంటే లేకపోతే, ఇది గంటగంటకూ నడిచే పని అని మొదటి రోజే నా కంటపడేదేమో.

వేళకు వాటంతట అవే నడిచే పనులు రాసి ఉండే క్రాన్ పట్టిక తెరిస్తే ఒకే ఒక్క వరుస ఉంది. గత జూన్‌లో నేనే రాసినది అది. డేటాబేస్ ప్రతినీ, బిల్లుల ఫోల్డరునూ మూటగట్టి ప్రతి గంటకూ వేరే ఊళ్లోని భద్రపరిచే చోటికి పంపుతుంది. అప్పుడు ఆ మూట కొద్ది మెగాబైట్లే ఉండేది. మూడు వారాల కిందట కాంటా చిట్టీల ఫోటోలు కూడా దాచే ఏర్పాటు చేశాము. ఈ ఉదయానికి మూట 900 మెగాబైట్లు అయింది, మారినదీ మారనిదీ కలిపి మొత్తం ప్రతి గంటకూ పోతోంది. మేము అద్దెకు తీసుకున్న సర్వర్ బయటకు పంపగలిగేది సెకనుకు 25 మెగాబిట్లు. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి 900 మెగాబైట్లను ఎనిమిదితో హెచ్చవేసి ఇరవై అయిదుతో భాగిస్తే 288 సెకన్లు, దాదాపు అయిదు నిమిషాలు. ఆ అంకె చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

లైను నిండితే కాపీ నెమ్మదించాలి గాని పింగ్‌కు 850 ఎందుకు కావాలన్నది అసలైన ప్రశ్న. సర్వర్ గుమ్మంలో బయటకు పోయే ప్యాకెట్లు వేచి ఉండే వరుస ఒకటి ఉంటుంది. డేటా ఎంత వేగంగా పంపాలో చూసుకునే టీసీపీ అనే పద్ధతి, ప్యాకెట్లు దారిలో తప్పిపోతున్నాయని తెలిసేదాకా వేగం తగ్గించదు. వరుస పొడవుగా ఉంటే ఏదీ తప్పిపోదు, నిలబడి ఉంటుంది అంతే, కాబట్టి టీసీపీ ఇంకా ఇంకా నింపుతుంది. 25 మెగాబిట్ల లైను మీద 800 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే సుమారు 25 లక్షల బైట్లు వరుసలో ఉన్నట్టు. సోమవారం ఉదయం మార్కెట్ గేటు ముందు బస్తాల ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా, జేబులో ఒక్క చిట్టీతో సైకిలు మీద వచ్చినవాడు కూడా వాటి వెనకే ఆగవలసి వచ్చినట్టు, తక్‌పట్టీ జవాబు ఆ మూట వెనక ఆగింది. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంటి లైనులో ఇలాంటిదే గమనించి దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే ఉపాయం చూపించారు: వరుస ఎంత పొడవుందని కాకుండా, అందులో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని కొలిచి, హద్దు మీరితే కొన్నిటిని వదిలేసి పంపేవాడికి ముందుగానే తెలియజేయడం.

అయినా లెక్క సరిపోయినంత మాత్రాన కారణం రుజువు కాదు. పదిన్నర కోసం కాచుకొని కూర్చున్నాను. 10:30 కాగానే పింగ్ 31, 118, 402, 790. సర్వర్‌లో తెరిచి ఉన్న ప్రతి టీసీపీ సంబంధానికీ కెర్నెల్, అంటే లినక్స్ లోపలి మూల భాగం, లెక్కగట్టే రాకపోకల సమయం కూడా అలాగే ఎక్కింది. అప్పుడు కాపీ చేసే ప్రక్రియను చేత్తో ఆపాను. రెండు సెకన్లలో పింగ్ 30కి దిగింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ ఎక్కింది. అలా మూడుసార్లు చేసిన తరువాతే నాకు తృప్తి కలిగింది.

మార్చినవి మూడు. మొత్తం మూట బదులు మారిన ఫైళ్లు మాత్రమే పోయేలా చేశాను. పూర్తి ప్రతిని రాత్రి పదకొండుకు మార్చి, ఈసారి యూటీసీలో ఎంత అవుతుందో పక్కనే తెలుగులో రాసి పెట్టాను. మూడోది, కోడెల్ ఆలోచన మీదే నడిచే, లినక్స్‌లో ఉన్న కేక్ అనే వరుస పద్ధతిని 22 మెగాబిట్లకు అమర్చాను. 25 కన్నా కొంచెం తక్కువ పెట్టడం ఎందుకంటే, అప్పుడే వరుస మన చేతిలో ఉన్న యంత్రంలో ఏర్పడుతుంది, మనకు అధికారం లేని చోట కాదు. దూరాన ఉన్న సర్వర్‌లో ఇలాంటి మార్పు తప్పితే మనమే బయట ఉండిపోతాము కనుక, పది నిమిషాల్లో నేను ఖాయం చేయకపోతే దానంతట అదే రద్దయ్యేలా ముందే ఏర్పాటు చేసుకున్నాను. తరువాత 11:30కు, పాత 900 మెగాబైట్ల మూటనే కావాలని పూర్తి వేగంతో పంపించి చూశాను. కాపీ అయిదున్నర నిమిషాలు పట్టింది. అంతసేపూ పింగ్ 41 దాటలేదు.

మీట రెండుసార్లు నొక్కినా ఒకే తక్‌పట్టీ తయారయ్యే మార్పు ఇంకా మిగిలే ఉంది. అది సర్వర్ పని కాదు, నా ప్రోగ్రాములోని లోపం, ఈ రాత్రి దానితోనే కూర్చుంటాను. మధ్యాహ్నం 12:36కు దుకాణానికి నేనే ఫోను చేసి ఎలా ఉందని అడిగాను. అవతల హమాలీల కేకలు, ప్రింటరు శబ్దం వినిపించాయి. గుమస్తా, "నడుస్తుందన్నా, లైన్ల ఇంక పదిమంది ఉన్నరు, మళ్ల చేస్త" అని ఫోను పెట్టేశాడు.