మొల్ల అనే పేరు మన పిల్లలకి ఎందుకు పెట్టుకోవట్లేదు?

మొల్ల అనగానే తెలుగు చదువుకున్న వాళ్ళెవరికైనా రామాయణం గుర్తొస్తుంది, హైదరాబాద్ వాళ్ళకైతే ట్యాంక్‌బండ్ మీద విగ్రహం కూడా గుర్తొస్తుంది. కానీ మొల్ల అనే పేరున్న ఒక అమ్మాయి, అంటే మీతో చదువుకున్నదో పక్కింట్లో ఉన్నదో, ఎవరైనా గుర్తొస్తున్నారా? నాకు ఒక్కరు కూడా తెలీదు. ఇంత ఫేమస్ పేరు, తెలుగు వాళ్ళందరికీ తెలిసిన పేరు, అయినా ఎవరూ పెట్టుకోని పేరు ఇంకోటి ఉందేమో అని చాలా ఆలోచించాను గానీ నాకు తట్టలేదు.

ముందు అర్థం. మొల్ల ఒక పువ్వు, మల్లెల కుటుంబంలోదే. సంస్కృతంలో కుందం అంటారు. తెల్లగా సన్నగా ఉండే రేకులు, గుత్తులు గుత్తులుగా పూస్తుంది, మల్లె ఎండాకాలం పువ్వయితే ఇది చలికాలం పువ్వు. అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో కుందానికి మాఘ్యం అని ఇంకో పేరు కూడా ఉంది, మాఘమాసంలో పూస్తుంది కాబట్టి. పాత కావ్యాల్లో అందమైన పలువరసని పోల్చేది కూడా ఈ మొగ్గలతోనే.

ఇక్కడొక విషయం నాకు భలే నచ్చుతుంది. చిన్నప్పుడు అందరం చదివిన సరస్వతీ శ్లోకం "యా కుందేందు తుషార హార ధవళా" ఉంది కదా, అందులో అమ్మవారి తెల్లదనానికి మొట్టమొదట చెప్పిన పోలిక చంద్రుడు కాదు, మంచు కాదు, కుందమే. అంటే మొల్ల పువ్వే. తెలుగులో రామాయణం రాసిన ఆవిడ పేరు సరస్వతి ప్రార్థనలో మొదటి పోలికగా కూర్చుని ఉందన్నమాట, మనం రోజూ చదువుతూనే ఉన్నాం గానీ కుందం అంటే ఏంటో ఎవరూ చెప్పకపోవడంతో అది మన చెవికి తగలదు.

ఇక పుట్టుక. ఇది అచ్చంగా మన ద్రావిడ భాషల మాట. తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె (ఏ ఊళ్ళో ఏ రకం మల్లెని ఆ పేరుతో పిలుస్తారన్నది కొంచెం మారుతుంది, అది వేరే సంగతి). తమిళ సంగ సాహిత్యంలో, అంటే వాళ్ళ బాగా పాత కవిత్వంలో అయితే ముల్లై అంటే ఒక్క పువ్వే కాదు, అడవులూ పచ్చిక బయళ్ళూ ఉండే నేలకి మొత్తం ఆ పేరే పెట్టారు, భర్త తిరిగొస్తాడని ఓపిగ్గా ఎదురుచూసే ఆడవాళ్ళ పాటలన్నీ ఆ నేలవే. పారి అనే చిన్న రాజు, పాకడానికి ఆధారం లేక అల్లాడుతున్న ముల్లై తీగకి తన రథాన్నే వదిలేసి వెళ్ళాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. తమిళ అమ్మాయిలకి ముల్లై అనే పేరు ఇప్పటికీ ఉంది, అక్కడెవరూ పాత పేరు అని తీసిపారేయలేదు.

మన దగ్గర ఈ పేరు మొత్తం ఒకే మనిషి దగ్గర ఆగిపోయింది. ఆతుకూరి మొల్ల. కడప జిల్లా బద్వేలు దగ్గర గోపవరం, నాన్న కేసన, శివభక్తుడు. శ్రీశైలం మల్లికార్జునుడి మీద భక్తితో ఆయనకిష్టమైన పువ్వు పేరు కూతురికి పెట్టుకున్నాడని చెప్తారు. కుమ్మరి కులంలో పుట్టింది కాబట్టి కుమ్మరి మొల్ల అని కూడా అంటారు. కాలం గురించి పండితులు 15, 16 శతాబ్దాల మధ్య అటూ ఇటూ వాదించుకుంటారు. నాకు ముఖ్యం అనిపించేది ఏంటంటే ఆవిడ తన పేరు తనే చెప్పుకుంది, రామాయణం మొదట్లోనే నేను ఫలానా కేసన కూతుర్ని, మొల్ల అంటారు నన్ను అని పద్యంలో పెట్టుకుంది. నాకు శాస్త్రాలేమీ తెలీవు, గోపవరం శ్రీకంఠ మల్లేశ్వరుడి దయవల్ల కవిత్వం చెప్పడం వచ్చింది అని కూడా ఆవిడే చెప్పింది. శివుడి దయతో వచ్చిన కవిత్వంతో రాముడి కథ రాసింది. అర్థం కాని గూఢమైన మాటలతో రాస్తే అది మూగా చెవిటి వాళ్ళ ముచ్చటలా ఉంటుంది, తేనె తగలగానే నోరు తీపెక్కినట్టు చదవగానే అర్థం తెలియాలి అన్న ఆవిడ, పేరు కూడా అలాంటిదే, చెప్పగానే తెలిసే పేరు.

ఇంకో సంగతి గమనించారా, మన పాత కవయిత్రుల పేర్లు చూస్తే తాళ్ళపాక తిమ్మక్క, తరిగొండ వెంగమాంబ, రంగాజమ్మ, అన్నిటికీ చివర అక్కో అమ్మో అంబో ఉంటుంది. కొందరు మొల్లమాంబ అని రాస్తారు గానీ జనం నోట్లో ఉన్నది మాత్రం వట్టి మొల్లే. రెండే రెండు అక్షరాలు, తోకలేం లేవు. ఛందస్సు తెలిసిన వాళ్ళకి చెప్తే, మొదటి అక్షరం గురువు రెండోది లఘువు, హగణం, సీత, రామ లాగే. పద్యంలో ఎక్కడ కావాలంటే అక్కడ ఇమిడిపోతుంది. ఈ రోజుల్లో అందరూ చిన్న పేరు కావాలి, రెండక్షరాలుండాలి, యూనిక్‌గా ఉండాలి అని వెతుకుతున్నారు కదా, దీనికంటే చిన్నది యూనిక్‌ది ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

మరి ఎందుకు పెట్టుకోరు? మా అక్కకి పాప పుట్టినప్పుడు నేను ఈ పేరు చెప్తే ఇంట్లో వచ్చిన మాటలు ఇవీ: మొల్ల ఏంటి మొరటుగా ఉంది, స్కూల్లో మొల మొల అని ఏడిపిస్తారు, ముల్లులా వినపడుతోంది, ఇంగ్లీషులో రాస్తే ముల్లా అనుకుంటారు. చివరి మూడూ కొట్టిపారేయలేను, పిల్లలు ఏడిపిస్తారు, ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో బెంగాల్ వైపు ఇంటిపేరుగా ఉండే మొల్లాకి దీనికి తేడా తెలీదు, అది నిజమే. కానీ ఆ మొదటి మాట, మొరటుగా ఉంది అన్నది, నాకు బాధనిపించింది. అదే పూల కుటుంబానికి చెందిన మల్లిక బావుంటుంది, మాలతి బావుంటుంది, పర్షియన్ నుంచి వచ్చిన యాస్మిన్, దాన్నుంచి ఇంగ్లీషుకెళ్ళిన జాస్మిన్ ఇంకా బావుంటాయి, మన నేల మాట మాత్రం మొరటు. సిరి, వెన్నెల లాంటి తెలుగు పేర్లు ఒకటీ అరా మళ్ళీ వస్తున్నాయి, సంతోషం, కానీ ఒత్తు ల్ల ఉన్న పేరు, కొంచెం పల్లెటూరి వాసన ఉన్న పేరు వచ్చేసరికి వెనకడుగు వేస్తాం. దీంట్లో కులం కూడా ఉందని నా అభిప్రాయం, కుమ్మరి మొల్ల కుమ్మరి మొల్ల అని అన్ని వందల ఏళ్ళు పిలిచాక కొందరికి అది ఒక కులం పేరులా వినపడుతోందేమో, ఎవరూ పైకి అనరు గానీ.

1970లో పద్మనాభం తీసిన కథానాయిక మొల్ల సినిమా వచ్చింది, వాణిశ్రీ మొల్లగా చేసింది. మామూలుగా మన దగ్గర ఒక సినిమా హిట్టయితే హీరోయిన్ పాత్ర పేరు ఊరూరా పిల్లలకి వచ్చేస్తుంది, ఈ పేరు విషయంలో మాత్రం అది జరిగినట్టు నాకెక్కడా కనపడలేదు. గౌరవం ఎక్కువై కూడా కొన్ని పేర్లు దూరమవుతాయి అనుకుంటా, పాఠంలో ఉన్న మనిషి, విగ్రహంలో ఉన్న మనిషి, ఆ పేరుతో ఒక పిల్లని లేచి పళ్ళు తోముకోవే అని పిలవాలంటే ఏదోలా ఉంటుంది. కానీ సీత అని పెట్టుకుంటున్నాం కదా, భారతి అని పెట్టుకుంటున్నాం కదా, అలా పిలిచీ పిలిచే అవి మన ఇళ్ళల్లో పేర్లయ్యాయి.

పేర్ల వెబ్‌సైట్లలో మాత్రం దయచేసి వెతక్కండి, అక్కడ ఏ పేరు కొట్టినా అందమైనది, అదృష్టవంతురాలు, లక్కీ నంబర్ ఇంత అనే వస్తుంది. నిఘంటువు తెరిస్తే చాలు, మొల్ల అన్నచోట పువ్వే ఉంటుంది.

నక్షత్రం అక్షరం చూసుకునే వాళ్ళకైతే, పుబ్బ ఒకటో పాదానికి మో వస్తుంది. ఆ అక్షరానికి ఆడపిల్ల పేర్లు దొరక్క మోహన, మోక్ష, మౌనిక దగ్గర తిరుగుతూ ఉంటారు చాలామంది, మొల్ల అక్కడ చక్కగా సరిపోతుంది, పొట్టి మొ పనికొస్తుందా అంటే మీ పంతులుగారిని అడగండి, నాకు తెలిసి చాలామంది ఒప్పుకుంటారు. ఒకవేళ పెడితే మొల్లశ్రీ, మొల్లిక, సాయిమొల్ల అంటూ అతుకులు వెయ్యకండి. మొల్ల అని పెట్టండి చాలు.