శ్రావణ మాసంలో పచ్చ కేకు

మా అమ్మాయి జపాన్‌లో చదివే బడికి జూలై మూడో వారంలో వేసవి సెలవులిస్తారు. మేం కావలి చేరేసరికి మామిడిపళ్లు అయిపోయి ఉంటాయి, తన ఈడు పిల్లలు బడులకు పోతుంటారు. మాకు దక్కేది శ్రావణ మాసం. అక్కడ ఐదో తరగతి నుంచి వంట, కుట్టుపని ఆడ, మగ తేడా లేకుండా అందరికీ పాఠాలే. ఈసారి తను మచ్చా, అంటే మెత్తటి గ్రీన్ టీ పొడి డబ్బా, 18 సెంటీమీటర్ల కేకు అచ్చు పెట్టెలో సర్దుకుంది. అమ్మమ్మకు గ్రీన్ టీ కేకు చేసి పెట్టాలట.

గుడ్ల దగ్గర చిక్కొచ్చింది. చేపల పులుసుకు పేరుమోసిన నెల్లూరు జిల్లాయే గానీ, శ్రావణంలో మా అమ్మ వంటింట్లోకి గుడ్డు రాదు. "నెల దాటాక చేద్దువులే తల్లీ" అంది అమ్మ. "అప్పటికి నేను ఉండను కదా అమ్మమ్మా!" అంది ఇది. నేను కల్పించుకోలేదు.

కల్పించుకోకపోవడానికి కారణముంది. పరాయి దేశంలో ఉన్నవాళ్లం పిల్లల్ని ఊరికి తెచ్చిన ప్రతిసారీ వాళ్లను పరీక్షకు కూర్చోబెడతాం. ఈయన నీకు ఏమవుతాడు? ఆ పద్యం చెప్పు. పెద్దవాళ్ల కాళ్లకు దండం పెట్టు. తడబడితే ఇంటిల్లిపాదీ నవ్వు. ఆ ప్రశ్నల్లో పిల్లకు తెలిసిందీ, ఎదుటివాళ్లకు తెలియందీ ఒక్కటీ ఉండదు. ఇక నోరు మెదపడం ఎందుకు? ఆపైన తెలుగు రావడం లేదని బెంగ మాత్రం మనకే.

ఆ మధ్యాహ్నం ప్రశ్నలు అమ్మవి, జవాబులు దానివి. "టీ పొడి అంటున్నావు, పచ్చగా ఉందేమిటి?" అని అమ్మ అడిగింది. మొక్క ఒకటేనని, మన టీకి ఆకును నలిపి గాలికి వదిలితే నల్లబడుతుందని, దీనికి కోసిన వెంటనే ఇడ్లీలకు పెట్టినట్టు ఆవిరి పెడతారని చెప్పింది. కోతకు రెండు మూడు వారాల ముందే తోటకు నీడ కప్పుతారని, ఎండిన ఆకు ఈనెలు తీసి రాతి తిరగలిలో విసురుతారని కూడా చెప్పింది. 'ఈనెలు' అమ్మ అందించిన మాట. మిగతాదంతా దాని సొంత తెలుగే, వంకరటింకరగా.

గుడ్లకు బదులు పెరుగు అన్నది చివరికి కుదిరిన బేరం. పెరుగులోని పులుపు వంటసోడాతో కలిస్తే గాలి బుడగలు పుట్టి పిండి పొంగుతుంది. వెన్న మానేశాం. చక్కెరతో గిలకొట్టాలంటే వెన్న కాస్త గట్టిగా ఉండాలి, కావలి ఎండకు అది నిలవదు. తూకం యంత్రం లేదు కాబట్టి 200 మిల్లీలీటర్ల గ్లాసే కొలత: మైదా ఒకటిముప్పావు, చక్కెర ముప్పావు, పెరుగు ఒకటి, పొద్దుతిరుగుడు నూనె అర గ్లాసుకు కాస్త తక్కువ. బేకింగ్ పౌడర్ ఒక చెంచా, సోడా అర చెంచా, మచ్చా మూడు చెంచాలు. మచ్చా ఉండలు కడుతుంది, మైదాతో పాటు జల్లించాల్సిందే. మామూలు గ్రీన్ టీ ఆకుతోనూ చేయవచ్చు. మిక్సీలో మెత్తగా పట్టి సన్న జల్లెడలో వేయాలి. అంత పచ్చదనం మాత్రం రాదు.

ఉదయగిరి చెక్క గరిటెతో అమ్మే కలపబోయింది. "ఎక్కువ తిప్పకూడదు అమ్మమ్మా, గట్టిపడుతుంది" అని మనవరాలు గరిటె లాక్కుంది. మా అమ్మ చేతిలోంచి గరిటె లాక్కునే ధైర్యం నాకు ఈ వయసులోనూ లేదు.

ఓవెన్ లేదు. పెద్ద డేగిసా అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడెక్కించి, అచ్చు దించాం. సన్నని మంట మీద సుమారు గంట. చీపురుపుల్ల గుచ్చితే తడి అంటలేదు. పైన మంట లేదు కాబట్టి మాడలేదు, రంగు నిలిచింది.

"చేదుగా ఉంది" అంది అమ్మ, రెండో ముక్క తీసుకుంటూ.

గుడ్డు లేదు కాబట్టి శుక్రవారం పేరంటాళ్లకు శనగలతో పాటు తలా ఒక ముక్క ఇచ్చింది. ఎదురింటి పిన్ని మా అమ్మాయిని అడిగింది: "గ్రీన్ టీ అంటున్నావు, షుగరు ఉన్నవాళ్లకు మంచిదేనా అమ్మా?"

"ముప్పావు గ్లాసు చక్కెర పోశాను పిన్నీ" అంది ఇది.