పీఎస్ మాస్టారి లక్ష్యాల కాగితం

మన హైస్కూల్లో 2009 నుంచి 2012 వరకు చదివినవాళ్లకి పీఎస్ (ఫిజికల్ సైన్స్) మాస్టారి ఆకుపచ్చ ఫైలు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ఆయన దూరవిద్యలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ పీజీ డిప్లొమా చదువుతున్నారు. ఆదివారాలు కాంటాక్ట్ క్లాసులు, రాత్రిళ్లు అసైన్‌మెంట్లు, సోమవారం పొద్దున్నే మళ్లీ మాకు ఫస్ట్ పీరియడ్. "ఈ వయసులో మీకెందుకండీ ఈ చదువు, ప్రమోషనా పాడా" అని తోటి టీచర్లు అంటే నవ్వి ఊరుకునేవారు.

ఆ ఫైలు అట్టకి లోపలివైపు ఒక తెల్లకాగితం అంటించి ఉండేది. పైన 'నా లక్ష్యాలు' అని ఉంటుంది. కోర్సులో చేరినప్పుడు రాసుకున్నది. కంప్యూటర్ ల్యాబ్ తాళాలు నాకు అప్పగించారు కాబట్టి ఆయన ఫైలు మోసే పనీ నాదే. ఆ కాగితం మీద పాత వాక్యం కొట్టేసి కొత్త వాక్యం రాయడం నా కళ్లతో చూశాను. ఆ మార్పుల వల్ల బాగుపడ్డది మేమే కనుక మన పూర్వ విద్యార్థుల సంచికకి ఇదే రాయాలనిపించింది.

మొదటి వాక్యం 'పాఠాలన్నీ కంప్యూటర్ మీదే చెప్పాలి' అని. అలా అనుకోవడానికి కారణం ఉంది. 2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 5000 హైస్కూళ్లకి కంప్యూటర్ ల్యాబులు ఇచ్చింది. ప్రైవేటు ఏజెన్సీ సామాను పెట్టి, మనిషిని పెట్టి ఐదేళ్లు నడపాలి, తర్వాత బడికి అప్పగించాలి. అలా మన బడికీ ల్యాబు వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. కంప్యూటర్ పీరియడ్ అంటే పెయింట్‌లో ఇల్లు, కొబ్బరిచెట్టు గీయడమే. అంత ఖరీదైన సామాను అలా ఉండటం మాస్టారికి నచ్చలేదు.

అప్పుడు దొరికిన పాఠాల సీడీలు ఎక్కువగా ఇంగ్లీషువి. మాది తెలుగు మీడియం. 'రెసిస్టెన్స్' అని వినబడితే అది మా 'నిరోధమే' అని పోల్చుకునేలోపు బొమ్మ దాటిపోయేది. దాంతో రెండో వాక్యం చేరింది: 'మన పుస్తకానికి తగ్గట్టు తెలుగులో నేనే పాఠాలు తయారు చేయాలి.' ఇంటి దగ్గర 'అను' అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తే, బడి కంప్యూటర్లో ఆ ఫాంటు లేక అక్షరాలన్నీ పిచ్చి గుర్తులుగా కనబడేవి. చివరికి లేఖిని అనే తెలుగు టైపింగ్ పేజీలో, ఏ కంప్యూటర్లోనైనా కనబడే యూనికోడ్‌లో టైపు చేయడం నేర్చుకుని, నాకూ నేర్పారు. నా మొదటి తెలుగు టైపింగ్ ఓమ్ నియమం!

ఆయన ఎంతో ఇష్టంగా చేసిన పాఠం విద్యుత్తు మీద. రెండు బల్బులు శ్రేణిలో, తీగ వెంబడి కదిలే ఎర్ర చుక్కలు. బల్బు దగ్గర శక్తి ఖర్చయిందని చూపించడానికి, బల్బు దాటిన చుక్కల రంగు కాస్త వెలిసిపోయినట్టు పెట్టారు. క్లాసంతా చప్పట్లు కొట్టాం. మర్నాడు అర ఠావు చీటీలు పంచి ఒకే ప్రశ్న అడిగారు. మొదటి బల్బుకి ముందు, రెండు బల్బుల మధ్య, రెండో బల్బు తర్వాత, ఈ మూడు చోట్లలో కరెంటు ఎక్కడ ఎక్కువ? ఓమ్ నియమం నిద్రలో లేపినా ఒప్పజెప్పే క్లాసు మాది. అయినా దాదాపు అందరం 'మొదటి బల్బుకి ముందు' అనే రాశాం. చుక్కలు వెలిసిపోవడం చూశాం కదా, కరెంటు తరిగిపోయిందనే అనుకున్నాం.

మాస్టారు కోప్పడలేదు. "ఎందుకలా అనుకున్నార్రా?" అని ఒక్కొక్కరినీ అడిగి, చీటీలన్నీ ఫైల్లో పెట్టుకుని వెళ్లిపోయారు. తర్వాతి క్లాసుకి పీఎస్ ల్యాబు నుంచి కరెంటు కొలిచే అమ్మీటరు, టార్చిలైటు బల్బులు, సెల్స్ తెచ్చారు. ముందు ఎవరు ఏమనుకుంటున్నారో చెప్పించి బోర్డు మీద రాశారు. ఆ తర్వాతే వలయం కలిపారు. అమ్మీటరుని మూడు చోట్లకీ మార్చారు. మూడు చోట్లా ముల్లు ఒకే గీత మీద నిలబడింది. మొదటి బెంచీ అమ్మాయి లేచి, "మరి బల్బు వెలగడానికి ఖర్చవుతున్నది ఏంటి మాస్టారూ?" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. "శభాష్ అమ్మా, కూర్చో" అని, ఆ రోజు వేరే పాఠం జోలికే పోకుండా కరెంటు వేరు, శక్తి వేరు అని విడమరిచి చెప్పారు. పొటెన్షియల్ భేదం నాకు అర్థమైంది ఆ రోజే.

ఆ వారంలోనే కాగితం మీద మొదటి వాక్యం కొట్టేసి ఉంది. కింద ఇలా రాశారు: 'పాఠానికి ముందు పిల్లలు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలి.'

కోర్సు పుస్తకాల్లో చదివినవి మాకూ చెప్పేవారు. రిచర్డ్ క్లార్క్ అనే ఆయన 1983లోనే ఒక వాదన చేశారట. సరుకులు తెచ్చిన లారీ వల్ల మనకి బలం రాదు, సరుకు వల్ల వస్తుంది. బోధనలో పరికరాల సంగతీ అంతేనని. మొదట చదివినప్పుడు మాస్టారికి కోపం వచ్చిందట. చీటీల తర్వాత ఆ వాదనని మళ్లీ తిరగేశారు. క్లార్క్ మాట మరీ కొసకి లాగినట్టే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మాస్టారూ కంప్యూటర్‌ని వదిలేయలేదు. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు (కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాలు) నెట్ సెంటర్లో డౌన్‌లోడ్ చేసి తెచ్చారు. అందులో వలయం మనమే కట్టుకోవచ్చు, ఎలక్ట్రాన్లు బల్బుకి ముందూ వెనకా ఒకే వేగంతో కదలడం కనబడుతుంది. కంటికి కనిపించని దాన్ని చూపించడం అమ్మీటరు వల్ల కాదు. తన చుక్కల పాఠం తీసేసి దాన్ని పెట్టారు. కానీ ముందు చీటీ, తర్వాత అమ్మీటరు, ఆ తర్వాతే తెర.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ భౌతిక శాస్త్రం క్లాసులో ప్రశ్న అడిగి, ఎవరికి వారు ఆలోచించాక పక్కవాళ్లతో వాదించుకోమని, మళ్లీ జవాబు చెప్పించే పద్ధతి తెచ్చారు. అక్కడ బటన్ నొక్కితే జవాబులు తెర మీద పడే పరికరాలు వాడతారు. మాస్టారు మాకు శుభలేఖల అట్టలు కత్తిరించి, ఒక్కో జవాబుకి ఒక్కోటి చొప్పున నాలుగు రంగులు వేసి ఇచ్చారు. పక్కవాడికి కనబడకుండా గుండెకి ఆనించి పట్టుకోవాలి. మాస్టారు అటు నుంచి ఇటు ఒక్క చూపు చూస్తే చాలు, క్లాసు ఎక్కడుందో తెలిసిపోయేది. నోరు విప్పని వెనక బెంచీ మిత్రులు కూడా అట్ట ఎత్తేవారు. పదేళ్లు బడికి వచ్చి, తమ అభిప్రాయం అడిగిన మనిషిని మొదటిసారి చూశామని వాళ్లే తర్వాత నాతో అన్నారు.

మాస్టారి అసైన్‌మెంట్లలో ఒకటి సైట్ (ఉపగ్రహం ద్వారా టీవీ బోధన) ప్రయోగం మీద. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు నాసా ఏటీఎస్-6 ఉపగ్రహం అరువిస్తే ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 ఊళ్లకి టీవీ పాఠాలు వచ్చాయి, మన రాష్ట్రం కూడా అందులో ఉంది. గడువు తీరాక ఉపగ్రహం వెనక్కి వెళ్లింది. "పెట్టె వెళ్లిపోయాక ఊళ్లో ఏం మిగిలిందిరా?" అని మమ్మల్ని అడిగారు. మేం బడి వదిలిన మరుసటి ఏడాది ల్యాబు ఒప్పందం ఐదేళ్లూ పూర్తయింది, కంప్యూటర్ సార్ వెళ్లిపోయారు. యూపీఎస్ బ్యాటరీలు పోయి, గదికి తాళం పడింది. అట్టముక్కలు మాత్రం మాస్టారి క్లాసులో నడుస్తూనే ఉన్నాయని జూనియర్లు చెప్పారు.

2020లో బళ్లు మూతపడి దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వస్తుంటే, పాఠం అయ్యాక ఒక్కొక్క పిల్లాడికి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడిగేవారు. "టీవీకి వాళ్ల మొహం కనబడదు కదరా, నేనైనా వినాలి" అన్నారు నాతో.

నేనిప్పుడు బెంగళూరులో డిజిటల్ పాఠాలు డిజైన్ చేస్తున్నాను. బొమ్మ వేసే ముందు ఐదారుగురు పిల్లలతో మాట్లాడి వస్తానని పట్టుబడతాను. డెడ్‌లైన్ టెన్షన్‌లో టీమ్‌కి విసుగొస్తుంది. అయినా వెళ్తాను.

ఇక అసలు విషయం. బడికి ఏదైనా ఇద్దామని మన గ్రూపులో చర్చ నడుస్తోంది, చాలామంది ఇంకో పెద్ద స్క్రీన్ అంటున్నారు. బళ్లు బాగుచేసే ప్రభుత్వ పథకం నాడు-నేడు కింద స్క్రీన్లు ఇప్పటికే వచ్చాయి, బాగున్నాయి. పీఎస్ ల్యాబు బీరువా తెరిచి చూస్తే పనిచేసే అమ్మీటర్లు రెండే ఉన్నాయి. ఐదుగురు పిల్లలకి ఒకటి చొప్పున అమ్మీటర్లు, వోల్ట్‌మీటర్లు, హోల్డర్లు, బల్బులు, వైర్లు కొందాం. మా బ్యాచ్ సగం ఖర్చు పెట్టుకుంటుంది. మాస్టారు సమావేశానికి వస్తున్నారు కాబట్టి, ఏ రకం మీటర్లు కొనాలో జాబితా ఆయన చేతే రాయిద్దాం.