మంచుగోడకి తొమ్మిది కురుసురల దూరం

రుషికొండలో అలలు దాటించి కాయక్‌ని (తెడ్డుతో నడిపే సన్నటి పడవని) బయటికి తీసుకెళ్ళగలిగేవాళ్ళకి అలాస్కాలో సముద్రంలోకి దిగే మంచునదుల (గ్లేసియర్ల) ముందు తెడ్డు వెయ్యడం పెద్ద కష్టం కాదు. అక్కడి ఇరుకు సముద్రపాయల్లో నీళ్ళు చాలాసార్లు మన మేఘాద్రిగెడ్డ జలాశయంలో ఉన్నంత నెమ్మదిగా ఉంటాయి. చిక్కంతా వెచ్చటి సముద్రం మనకి చేసిన అలవాట్లతోనే.

అందులో పెద్దది, పడితే ఏముందిలే అనుకోవడం. విశాఖ తీరంలో నీళ్ళు ఏడాదిలో ఎక్కువ రోజులు 26 నుంచి 30 డిగ్రీలుంటాయి. మంచునది ముందు 1 నుంచి 5. అందులో పడ్డాక మొదటి నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు. ఎగశ్వాస వచ్చే ఆ క్షణంలో తల మునిగి ఉంటే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తర్వాత సుమారు 10 నిమిషాలే వేళ్ళు చెప్పిన మాట వింటాయి. స్పృహ తప్పడానికి గంట దాకా పట్టొచ్చు గానీ, లైఫ్ జాకెట్ లేనివాళ్ళు అంతసేపు తేలలేరు. తిరిగి కాయక్ ఎక్కడమంతా ఆ 10 నిమిషాల్లోనే అయిపోవాలి.

దీన్ని ఇక్కడే సాధన చెయ్యొచ్చు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి ఎక్కించే ఐసు కొంచెం టబ్బులో పోసి, నీళ్ళు కలిపి, చేతులు రెండు నిమిషాలు ముంచండి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు. చేతులు తియ్యగానే పాడిల్ ఫ్లోట్ (తిరిగి ఎక్కేటప్పుడు ఆసరాగా తేలే తిత్తి) తెడ్డుకి తొడిగి, గాలి ఊది, స్ప్రే స్కర్ట్‌ని (నీళ్ళు లోపలికి రాకుండా నడుం చుట్టూ వేసుకునే మూతబట్టని) కాక్‌పిట్ (కాయక్‌లో కూర్చునే గుంట) అంచుకి బిగించండి. ఏ పని దగ్గర వేళ్ళు మొరాయిస్తాయో అప్పుడే తెలుస్తుంది. గాలి ఊదే మూత దగ్గర ఆగిపోతుంటే, ఊదే పని లేని ఫోమ్ ఫ్లోట్ కొనుక్కోవడం మేలు.

బీచ్‌లో అద్దెకిచ్చేవి ఎక్కువగా పైన కూర్చునే కాయక్‌లు. బోల్తాపడిన కాక్‌పిట్‌లోంచి బయటపడటం వాటి మీద రాదు. ఈత కొలనులో, పక్కన ఒకరిని నిలబెట్టుకుని నేర్చుకోవాలి. తలకిందులయ్యాక ముందుకి వంగి, స్కర్ట్ ముందున్న పట్టీని ముందుకి తోసి పైకి లాగి, అరచేతులతో అంచుల్ని నొక్కి జారిపోవాలి. ఆ పట్టీ స్కర్ట్ లోపల ఇరుక్కుపోవడమే ప్రమాదం. బయల్దేరే ముందు ప్రతిసారీ అది బయటే ఉందని చేత్తో తడిమి చూడండి.

డ్రైసూట్ (నీళ్ళు చొరని ఒంటినిండా తొడుగు) లోపల ఉన్నిగానీ ఫ్లీస్‌గానీ వేసుకోవాలి, నూలుబట్ట పనికిరాదు. జిప్ మూశాక గొంతుక్కూర్చుని, మెడ పట్టీని వేలితో కాస్త ఎడం చేసి లోపలి గాలి వదిలెయ్యాలి. లేకపోతే నీళ్ళలో కాళ్ళు బుడగల్లా పైకి లేస్తాయి. మెడ, మణికట్టు దగ్గరుండే లేటెక్స్ రబ్బరు పట్టీలకి నూనె పడదు. తలకి కొబ్బరినూనె పట్టించి సూట్ తొడిగితే, కొన్నాళ్ళకి ఆ పట్టీ జిగురెక్కి చిరుగుతుంది.

ఇక దూరం. అలాస్కాలోని గ్లేసియర్ బే అఖాతంలో మార్జరీ మంచునది ముఖం, అంటే సముద్రానికి ఎదురుగా నిలిచే మంచుగోడ, నీటి పైన సుమారు 75 మీటర్లు లేస్తుంది. పోల్చుకోవడానికి చెట్టూ ఇల్లూ లేవు కాబట్టి కంటి లెక్క తప్పుతుంది. కనీసం అర మైలు, అంటే 800 మీటర్లు ఎడంగా ఉండాలి. మన బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి పొడవు 91 మీటర్లు, అలాంటివి తొమ్మిది వరుసగా పేర్చుకోండి. ఇంకో కొలత చెవి. మంచు విరిగిపడటం కనబడగానే లెక్కపెట్టండి. చప్పుడు సెకనుకి సుమారు 330 మీటర్లు వస్తుంది కాబట్టి, రెండున్నర సెకన్లలోపే వినబడితే బాగా దగ్గరికొచ్చేసినట్టే. పైనుంచి పడేదొక్కటే కాదు భయం. గోడ పాదం నీటి అడుగున విరిగి, గోడకి ఎడంగా ఒక్కసారిగా పైకి దూసుకొస్తుంది. దానికి ముందస్తు చప్పుడేమీ ఉండదు.

విరిగాక వచ్చే కెరటాన్ని చూసి ఒడ్డుకి పరిగెత్తకండి. లోతు నీళ్ళలో అది ఉబ్బుగా కిందనుంచి వెళ్ళిపోతుంది, ఒడ్డునే విరుచుకుపడుతుంది. మొన కెరటం వైపు తిప్పి, మంచుముక్కల మధ్య నుంచి తప్పుకుని, తెడ్డు నీటి మీద ఆనించి ఉంచాలి.

తేలే మంచుకొండలో పదోవంతే పైకి కనబడుతుంది. అడుగు కరిగి బరువు మారితే చెప్పాపెట్టకుండా బోర్లాపడుతుంది. దాని పొడవు, ఎత్తుకి మూడింతలు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అంత ఎడం ఉండాలి. నున్నటి చిన్న ముక్కల్ని గాలి తోస్తుంది, లోతుగా మునిగిన పెద్దవి ప్రవాహంతో పోతాయి. రెండూ ఎదురెదురైతే వచ్చిన దారి మూసుకుపోతుంది. తెడ్డు వేసిన ప్రతిసారీ ఐసు తగులుతుంటే ఇంక వెనక్కి తిరగాల్సిందే.

మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటర్ల చుట్టూ ఉంటే, గ్లేసియర్ బేలో 7 మీటర్లు దాటుతుంది. కాయక్‌ని పోటు గీత పైకి మోసుకెళ్ళి, కట్టేసి పడుకోండి. ఐసు మీద పడుకున్న సీల్స్‌కి (నీటికుక్కలకి) 457 మీటర్లు, అంటే అయిదు కురుసురల ఎడం పాటించాలి. అవి పిల్లల్ని కనే కాలం కాబట్టి, గ్లేసియర్ బేలోని జాన్స్ హాప్కిన్స్ పాయని మే 1 నుంచి జూన్ 30 దాకా కాయక్‌లకి కూడా మూసేస్తారు.

శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం) మాత్రం అక్కడే అద్దెకి తీసుకుని, అక్కడే తిరిగిచ్చి రండి. అనుమతి లేకుండా దాన్ని మన దేశంలో దగ్గరుంచుకోవడం నేరం. విమానాశ్రయంలో సంచిలో దొరికితే కేసవుతుంది.