మూడు లైన్లు, ఆరు మాటలు: మా లైబ్రరీలో నా హైనాకు

కాలిఫోర్నియాలో మేముండే చోట ఫిలిపినో వాళ్ళు చాలామంది. పక్కింటి నర్సు ఆవిడని అందరిలాగే నేనూ ఆతే అనే పిలుస్తా, అంటే వాళ్ళ తగాలోగ్ భాషలో అక్క. మొన్నామధ్య లైబ్రరీలో వలస వచ్చిన ఫిలిపినో వాళ్ళ చిట్టి కవితల ప్రదర్శన పెడుతున్నారు, నువ్వూ తెలుగులో ఒకటి రాయి అని ఆవిడ పట్టుబట్టింది.

వాళ్ళ చిట్టి కవితల్లో తనాగా అని పాత ప్రక్రియ ఉంది, నాలుగు లైన్లు, లైనుకి ఏడు సిలబుల్స్. నన్ను పట్టేసింది మాత్రం హైనాకు. ఐలీన్ టబియోస్ అనే ఫిలిపినో అమెరికన్ కవయిత్రి 2003 జూన్ 12న, వాళ్ళ స్వాతంత్ర్య దినం నాడు మొదలుపెట్టింది. మొదటి లైన్లో ఒక మాట, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో మూడు, అంతే. ఆ పేరులో ఉన్న "హయ్ నాకు" అంటే మన "అయ్యో రామా" లాంటిది, డ్యూటీ నుంచి రాగానే ఆతే నోట్లోంచి వచ్చేది అదే.

నానీలకి, అదే మన నాలుగు లైన్ల చిట్టి కవితలకి, అక్షరాలు లెక్కపెట్టిన అలవాటుంది గానీ ఇక్కడ మాటల లెక్క, వారం రోజులు కొట్టేసి కొట్టేసి చివరికిది రాశా:

అమ్మా,
తిన్నానులే, పడుకో.
నీకు అర్ధరాత్రి దాటిందిగా!

ఇంగ్లీష్‌లో పెడదామంటే కుదరదే, "ఐ హావ్ ఈటెన్" అంటేనే మూడు మాటలు, మనకి ఒక్క "తిన్నాను"లో అంతా వచ్చేస్తుంది. ఆతే కాసేపు ఆలోచించి పెన్ను తీసుకుని కవరు వెనక తగాలోగ్‌లో రాసింది:

ఇనాయ్,
బుసోగ్ ఆకో.
మతులోగ్ కా నా.

అమ్మా, నా కడుపు నిండింది, నువ్వింక పడుకో. ఒకటి, రెండు, మూడు! అర్ధరాత్రి అన్న మాట అందులో పోయింది, పోతే పోనీ అనిపించింది, వాళ్ళకీ పలకరింపు "కుమైన్ కా నా", తిన్నావా అనే కదా.

తీరా ప్రింట్ తీస్తే తెలుగు కార్డులో వత్తులన్నీ ఊడిపోయాయి, "అర్ధరాత్రి"లో ధ ఒకచోట ర ఒకచోట. ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంట్ లేదు, వర్డ్ ఫైల్ బదులు ఇంట్లో బొమ్మగా సేవ్ చేసి మళ్ళీ పంపితే సరిపోయింది. మీరెవరైనా ఇలా ఇవ్వాల్సొస్తే ముందే బొమ్మగా పంపండి.

గోడ మీద పైన తెలుగు, కింద తగాలోగ్. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోటో తీసి అమ్మకి వాట్సాప్‌లో పెట్టా, లేచాక చూస్తుందిలే అని. రెండు నిమిషాల్లో నీలం టిక్కులు వచ్చేశాయి.